పుట విప్పితే లేచి నిలబడే పుస్తకం

ఆ రోజు రాత్రి పదకొండున్నర. వంటింటి గట్టు తుడిచి, మర్నాటికి స్కూలు బట్టలు ఇస్త్రీ చేసి, హాల్లో చాప పరుచుకుని కూర్చున్నాను. ముందు కత్తెర, ఫెవికాల్ సీసా, నాలుగు రంగుల చార్టు కాగితాలు. తెల్లారితే మా అమ్మాయి మూడో తరగతిలో ‘ప్రాజెక్టు’ ఇవ్వాలి. అంశం మన కోటలు. విప్పగానే లేచి నిలబడే గోల్కొండ చేసుకురమ్మన్నారట.

సాయంత్రం అదే కూర్చుని ఏదో మొదలుపెట్టింది. గోడ వంకరగా కత్తిరించింది. బురుజు ఓ పక్కకి ఒరిగిపోయింది. “నువ్వు పడుకోమ్మా, నేను చూస్తాలే” అన్నాను. అది పడుకుంది. నేను చూశాను. ఎంత బాగా చూశానంటే, రాత్రి రెండయ్యేసరికి కింద ఫతే దర్వాజా, పైన బాలా హిస్సార్ అన్నీ తీరుగా లేచి నిలబడ్డాయి.

చెప్పొద్దూ, మొదటి బహుమతి వచ్చింది. స్టీలు టిఫిన్ డబ్బా! సాయంత్రం బడి నుంచి వచ్చి, బ్యాగు దించకుండానే ఆ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది మా అమ్మాయి.

“ఇదిగోమ్మా, నీ ప్రైజు.”

వెటకారం కాదు. ఎనిమిదేళ్ల పిల్లకి వెటకారమేమిటి? దారిలో దొరికిన వస్తువు ఎవరిదో వాళ్లకి ఇచ్చేసినట్టు ఇచ్చేసి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయింది. ఆ డబ్బాలో ఇప్పటికీ ఆవాలు పోసుకుంటున్నాను. పోపు పెట్టడానికి మూత తీసినప్పుడల్లా ఆ మాట వినబడుతూనే ఉంటుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత రెండేళ్లకి అవే కాగితాలు, అదే జిగురు పెట్టుకుని ఇరవై రెండు మంది పిల్లల ముందు నిలబడాల్సి వచ్చింది నాకు. ఈసారి మాత్రం కత్తెర నా చేతిలో లేదు.

అమ్మాయి పెట్టిన షరతు

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదా. మా ఊరి శాఖా గ్రంథాలయంలోనూ చేస్తారు. మొదటి రోజే బాలల దినోత్సవం కనుక పిల్లలకి వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం పోటీలు పెడతారు. వచ్చేదీ, గెలిచేదీ ఏటా ఆ పదిమందే. “అమ్మా, మీరు కథలు రాస్తారు కదా, ఈసారి పోటీ కాకుండా పిల్లలకి ఏదైనా చేద్దాం” అన్నారు గ్రంథాలయం చూసే పెద్దాయన. కథ చెబుతానని ఒప్పుకుని ఇంటికొచ్చాను.

“కథ చెబితే సగంమంది నిద్రపోతారమ్మా. లేచి నిలబడే పుస్తకాలు చేయించు” అంది మా అమ్మాయి. అప్పటికి అయిదో తరగతి. ఓ క్షణం ఆగి, “కానీ నువ్వు కత్తెర ముట్టుకోకూడదు” అని షరతు కూడా పెట్టింది.

టిఫిన్ డబ్బా నేనొక్కదాన్నే గుర్తుపెట్టుకున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను!

ఏడు వందల ఏళ్ల నాటి ఆట

లేచి నిలబడే పుస్తకం మనకి మరీ తెలియనిదేం కాదు. పండక్కి వచ్చే గ్రీటింగు కార్డు విప్పితే లోపల పూలగుత్తి పైకి లేచేది గుర్తుందా? కొన్ని శుభలేఖల్లో వినాయకుడు లేస్తాడు. పుస్తకం పొడుగునా అలాంటి పుటలే ఉంటే దాన్ని పాపప్ పుస్తకం అంటారు. లేచేవి మాత్రమే కాదు, మూత తీసి చూసేవి, పట్టీ లాగితే కదిలేవి, చక్రం తిప్పితే మారేవి, అన్నీ ఆ కుటుంబంలోవే.

తమాషా ఏమిటంటే ఇవి మొదట పిల్లల కోసం పుట్టలేదు. 13వ శతాబ్దంలో ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్ మఠంలో మాథ్యూ పారిస్ అనే సన్యాసి, పండుగ రోజులు లెక్క కట్టడానికి తన రాతప్రతిలో తిరిగే చక్రం అమర్చుకున్నాడు. 1543లో వెసాలియస్ అనే వైద్యుడు మనిషి శరీరం గురించి వేసిన పుస్తకంలో, లోపలి భాగాలు కత్తిరించి పొరలు పొరలుగా అతికించుకునే బొమ్మలు ఇచ్చాడు. డాక్టరీ చదివే పెద్దవాళ్లూ కత్తెర, జిగురు పట్టుకుని కూర్చున్నారన్నమాట!

పిల్లల చేతికి రావడానికి మరో రెండు వందల ఏళ్లకి పైగా పట్టింది. 1760లలో లండన్‌లో రాబర్ట్ సేయర్ అనే ప్రచురణకర్త మూతలు పైకీ కిందికీ విప్పుకుంటూ కథ చదివే చిన్న పుస్తకాలు అమ్మాడు. 1887లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో లోథార్ మెగ్గెన్‌డోర్ఫర్ ఒక సర్కస్ పుస్తకం చేశాడు. విప్పి నిలబెడితే గుర్రాలు, విదూషకులు, చూసే జనం, అంతా మన ముందు అర్ధచంద్రాకారంలో లేస్తారు. ‘పాపప్’ అనే పేరు మాత్రం 1932లో అమెరికాలో ఒక ప్రచురణ సంస్థ పెట్టింది. ప్రాగ్ నగరంలో కుబాష్టా (1914–1992) అనే ఆయన భవనాలు కట్టే చదువు చదివి, కాగితంతో కోటలూ ఓడలూ కట్టాడు. 1979లో యాన్ పియెన్‌కోవ్‌స్కీ చేసిన దయ్యాల కొంప పుస్తకానికి ఇంగ్లండులో బొమ్మల పుస్తకాలకి అప్పట్లో ఇచ్చే కేట్ గ్రీనవే పతకం వచ్చింది.

ఇంకో సంగతి. అచ్చు యంత్రం మీద వేసినా, ఈ పుస్తకాల్లో ముక్కలు మడిచి అతికించేది ఇప్పటికీ మనుషుల చేతులే. అందుకే కొనబోతే చాలావాటి ధర వెయ్యి రూపాయలు దాటుతుంది. పోనీ అని కొంటాం. కొన్నాక ఏం చేస్తాం? “చింపుతావు, ముట్టుకోకు” అని బీరువా పై అరలో పెడతాం. పిల్లల కోసం కొన్న పుస్తకాన్ని పిల్లలకే అందకుండా దాచడం మన ఇళ్లలో కొత్తేం కాదు కదా!

దీనికి విరుగుడు, పిల్లల చేతే చేయించడం. ఈ పని కొందరు ఎప్పటినుంచో చేస్తున్నారు. కెనడాలో జోన్ ఇర్విన్ అనే ఆమె 1987లో పిల్లలు పాపప్ బొమ్మలు తామే చేసుకునే పద్ధతులు పుస్తకంగా రాసింది. ఇంగ్లండులో పాల్ జాన్సన్, బడి పిల్లలు తమ పుస్తకం తామే మడిచి, రాసి, బొమ్మలు వేసుకోవాలని పనిగట్టుకుని ప్రచారం చేశాడు. మన దేశంలో 2018లో పద్మశ్రీ అందుకున్న అరవింద్ గుప్తా, పారేసే వస్తువులతో పిల్లల చేత బొమ్మలు చేయిస్తూ నడిచిందీ ఇలాంటి దారిలోనే.

కాగితానికి దండం

ఇక మా గ్రంథాలయం సంగతి. వారం ముందు నుంచే తెలిసిన ఇళ్లన్నిట్లో పాత శుభలేఖలు అడిగి తెచ్చుకున్నాను. శుభలేఖ అట్ట మందంగా, నున్నగా ఉంటుంది. మడత చక్కగా నిలుస్తుంది. పైగా ఉచితం! దేవుడి బొమ్మలున్న ముక్కలు మాత్రం ముందే విడదీసి ఓ కవర్లో దాచాను. వినాయకుడి మీదకి కత్తెర పెట్టమంటే ఏ పిల్ల పెడుతుంది చెప్పండి?

ఆరేళ్ల నుంచి పదకొండేళ్ల దాకా పిల్లలు, చాపల మీద గుండ్రంగా కూర్చున్నారు. తలా రెండు డ్రాయింగు కాగితాలు పంచాను. ఒక పాప కాలు కాగితానికి తగిలింది. వెంటనే వంగి కళ్లకద్దుకుంది. ఇప్పుడు దాన్ని కత్తిరించమంటే నా మొహం చూస్తోంది.

“కత్తిరిస్తే తప్పు కాదా ఆంటీ?”

“కత్తిరించి పారేస్తే తప్పమ్మా. పుస్తకం చేస్తే సరస్వతికి సంతోషమే” అన్నాను. నమ్మిందో లేదో గానీ కత్తెర తీసుకుంది.

పక్కనే కూర్చున్న కుర్రాడి భయం వేరు. “తప్పు పోతే ఇంకో కాగితం ఇస్తారా ఆంటీ?” ఆ ప్రశ్న మిగతా అందరి కళ్లలోనూ కనబడింది. బడిలో నోటుపుస్తకంలో కొట్టివేత ఉండకూడదు, పుట చింపకూడదు, మార్జిను దాటకూడదు. కాగితమంటే పరీక్ష. తప్పు చేస్తే అందరికీ కనబడే చోటు.

అప్పటికప్పుడు ఒక మాట ప్రకటించాను. “మొదటి కాగితం పాడుచేయడానికే ఇచ్చాను. అయిదు నిమిషాల్లో ఎవరెంత పాడుచేస్తారో చూద్దాం!” ముందు నమ్మలేదు. తర్వాత మొదలైంది చూడండి సందడి! అడ్డంగా మడిచినవాళ్లు, ఐమూలగా మడిచినవాళ్లు, మడతలోంచి ముక్క కత్తిరించి విప్పి చూసి ఉలిక్కిపడినవాళ్లు. మడత మీద సగం ఆకు కత్తిరిస్తే విప్పినప్పుడు పూర్తి ఆకు వస్తుందని నేను చెప్పకుండానే ఆరుగురు కనిపెట్టారు. ఆ అయిదు నిమిషాలూ లేకపోతే మిగతా గంటన్నర నడిచేది కాదని ఇప్పుడనిపిస్తుంది.

కప్ప మింగిన ఒత్తు

ముందుగా నేర్పింది నోరు తెరిచే బొమ్మ. చాలా తేలిక. కాగితం సగానికి మడిచి, మడత మధ్యలో లోపలికి నాలుగు సెంటీమీటర్లు ఒక్క గాటు పెట్టాలి. గాటుకి పైనున్న అంచునీ, కింది అంచునీ త్రికోణాల్లా వెనక్కి మడిచి రుద్ది, మళ్లీ మామూలుగా పెట్టేయాలి. ఇప్పుడు కాగితం విప్పి ఆ రెండు త్రికోణాలనీ వేలితో లోపలికి నెట్టి మూయాలి. మళ్లీ విప్పితే నోరు తెరుచుకుంటుంది, మూస్తే మూసుకుంటుంది. చుట్టూ ఏ బొమ్మ గీస్తే దాని నోరు. పిచ్చుక, మొసలి, కప్ప, ఒకరిద్దరు తమ లెక్కల మాస్టారు!

నాలుగో తరగతి కుర్రాడొకడు తన నాయనమ్మతో వచ్చాడు. “చదువులో వెనకండీ వీడు. అక్షరాలు కూడబలుక్కోడమే. ఏదో కాసేపు కూర్చోబెట్టండి” అని వాడి ముందే అంది ఆవిడ. వాడు తల దించుకుని కప్ప గీశాడు. పచ్చటి కప్ప, కళ్లు రెండూ రెండు సైజులు. కింద పెద్ద అక్షరాలతో రాశాడు: ‘కప’.

సాయానికి వచ్చిన రిటైర్డు టీచరుగారు అలవాటుకొద్దీ జేబులోంచి ఎర్ర కలం తీశారు. “ఒత్తేదిరా?” అన్నారు. వాడు ఓ నిమిషం బొమ్మకేసి చూశాడు. చిన్న ముక్క మీద పావత్తు రాసి, కప్ప నోట్లో అతికించి, మూసి, విప్పి చూపించాడు.

“కప్ప మింగేసింది సార్. నోరు తెరిస్తే కనబడుద్ది.”

టీచరుగారు ఫక్కున నవ్వి కలం జేబులో పెట్టేసుకున్నారు. నలుగురు పిల్లలు లేచొచ్చి వాడి పుస్తకం విప్పి మూసి, విప్పి మూసి చూశారు. వాడు ప్రతివాడికీ ‘కప్ప’ అని వేలుపెట్టి చదివి వినిపించాడు. ఆ గంటలో ఆ మాట ఇరవైసార్లు చదివి ఉంటాడు. ఇంట్లో కూర్చోబెట్టి ఒక మాట ఇరవైసార్లు చదవమంటే చదువుతాడా?

అయితే ఒక్కరోజులో వాడికి చదువు వచ్చేసిందని నేననను. రాలేదు కూడా. కానీ తప్పు దొరికితే తల దించుకునే పిల్లవాడు, ఆ తప్పునే తన కథలోకి లాక్కోవడం నేను కళ్లారా చూశాను.

తల బయటపెట్టిన గోపురం

రెండోది మెట్టు బొమ్మ. బొమ్మల కొలువులో మెట్టు మీద బొమ్మ పెడతామే, సరిగ్గా అలాగే. మడత దగ్గర రెండు సమానమైన గాట్లు పెట్టి, మధ్య పట్టీని లోపలికి నెడితే చిన్న మెట్టు లేస్తుంది. మెట్టు ముందు భాగానికి విడిగా కత్తిరించిన బొమ్మ అతికిస్తే పుట విప్పగానే బొమ్మ నిలబడుతుంది.

ఒక పాప ఎత్తయిన గోపురం చేసి అతికించింది. విప్పితే అద్భుతంగా ఉంది. మూస్తే గోపురం తల పుస్తకం బయటికి వచ్చేసింది! పాప మొహం చిన్నబోయింది. ఎందుకలా అయిందో అందరం కలిసి వెతికాం. స్కేలు తెచ్చి కొలిచారు. పుట వెడల్పు మడత నుంచి సుమారు 14.8 సెంటీమీటర్లు. మెట్టు లోతు 4. గోపురం ఎత్తు 14. పుట మూసినప్పుడు బొమ్మ మెట్టు దగ్గర్నుంచి మొదలై ముందుకి పడుకుంటుంది. 4, 14 కలిపితే 18. మరి మూడు సెంటీమీటర్లు బయటికి రాక ఏం చేస్తుంది? “అయితే పదికి మించకూడదు ఆంటీ” అన్నాడు ఆరో తరగతి పిల్లవాడు. మెట్టు లోతు, బొమ్మ ఎత్తు కలిపితే పుట వెడల్పు కన్నా తక్కువ ఉండాలి. ఈ పనికంతటికీ ముఖ్యమైన లెక్క ఇదే. నల్లబల్ల మీద రాసి చెబితే ఎవరు వింటారు గనక!

“కత్తిరించేద్దామా మరి?” అని గోపురం పాపని అడిగాను. ఆలోచించి తల అడ్డంగా ఊపింది. “వద్దాంటీ. పుస్తకం మూసినా గుడి ఎక్కడుందో తెలియాలి కదా!” అంది. ఊరి బయట ఎక్కడో బస్సు దిగితే ముందు గోపురమే కనబడుతుంది మనకి. ఆ పుస్తకంలోనూ అంతే. ఆ కలశం పట్టుకునే ఇప్పటికీ ఆ పుట వెతుక్కుంటారు పిల్లలు.

వెనక కూర్చున్న అమ్మలు

మనలో మాట. ఆ రోజు పిల్లలతో నాకేం కష్టం కలగలేదు. కష్టమంతా వెనక బెంచీల్లో కూర్చున్న అమ్మలతోనే!

“అలా కాదు, ఇలా పట్టుకో.” “రంగు బయటికి పోతోంది చూడు.” “ఇటివ్వు, నేను కత్తిరిస్తా.” పది నిమిషాలు తిరక్కుండానే నలుగురు తల్లులు చాపల మీదకి దిగిపోయారు. పిల్లల చేతుల్లోంచి కత్తెరలు వాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయాయి. పిల్లలు పక్కకి జరిగి దిక్కులు చూస్తున్నారు. వాళ్లనని ఏం లాభం? రెండేళ్ల క్రితం రాత్రి పదకొండున్నరకి నేను చేసిందీ అదే.

అంతెందుకు, అప్పుడు కూడా నా చెయ్యి ఊరుకుందా? మా అమ్మాయి ఓ మూల కూర్చుని మేడ చేస్తోంది. మెట్లు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తలుపు వంకర. నా చెయ్యి దానంతటదే ముందుకి వెళ్లింది. అది తలెత్తి చూసింది, అంతే. చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకున్నాను.

అప్పుడు తట్టింది. మిగిలిన కాగితాలు తీసి అమ్మలకీ తలా ఒకటి ఇచ్చాను. “మీ పుస్తకం మీరు చేసుకోండి” అన్నాను. ముందు సిగ్గుపడ్డారు. “మాకెందుకండీ ఇప్పుడు” అన్నారు. పావుగంటలో ఒక్కరూ తలెత్తలేదు. ఒకావిడ తులసికోట లేపింది, పక్కన దీపంతో సహా. “పెళ్లయ్యాక కత్తెర పట్టుకున్నది పాలప్యాకెట్లు కత్తిరించడానికేనండీ” అని నవ్వింది. ఆవిడ కూతురు వచ్చి, “అమ్మా, నీ గోడ వంకరొచ్చింది” అంటే, “రానీవే” అంది. అంతకు ముందు అదే వంకరకి పిల్లని కసిరిన మనిషి!

పిల్లల పని మనం లాక్కునేది వాళ్ల మీద ప్రేమ చేతనే. కాదనను. అందరి ముందూ వాళ్లు చిన్నబోకూడదనీ, మార్కులు తగ్గకూడదనీ ఆరాటం. కానీ మనం సరిచేసిన ప్రతి వంకరా వాళ్లకి ‘నీకు రాదు’ అన్నట్టే వినబడుతుంది. బహుమతి వస్తే మరీ గట్టిగా వినబడుతుంది.

బడిలో తిరిగిన గుణింతం

ఈ సంగతి తెలిసి పక్క ఊరి ప్రాథమిక పాఠశాల టీచరు ఒకామె కబురు చేసింది. అక్కడ ముప్ఫై నాలుగు మంది పిల్లలు, ఎనిమిదే కత్తెరలు. నలుగురేసి జట్లుగా కూర్చోబెట్టాం. ఒకరు కత్తిరిస్తుంటే ఒకరు మడవడం, ఒకరు రాయడం, ఒకరు రంగు వేయడం. కాసేపటికి పనులు మార్చుకోవడం. “ఆటలా ఉంటే పాఠం ఎప్పుడు చెప్పావని అడుగుతారండీ” అని టీచరు దిగులు. అయితే పాఠమే చేద్దామనుకున్నాం.

ఒక అట్ట చక్రం కత్తిరించి, గడియారం ముఖంలా పన్నెండు భాగాలు చేశాం. క, కా, కి, కీ... కౌ దాకా పన్నెండూ రాశారు. చక్రాన్ని పుట వెనక పెట్టి పాత చొక్కా గుండీతో, దారంతో మధ్యలో బిగించాం. పుటలో చిన్న కిటికీ. చక్రం తిప్పితే కిటికీలో ఒక్కో అక్షరం మారుతుంది. ఆ సన్యాసి పండుగలు లెక్క కట్టిన చక్రమే, మన పిల్లల గుణింతం చదివించింది!

గ్రంథాలయంలో కప్ప కుర్రాడు నేర్పిన పాఠం ఇక్కడ పనికొచ్చింది. మూత కింద ఒత్తు దాచే ఆట పెట్టాం. పుట మీద ‘గద’. మూత తీస్తే ‘గద్ద’. ‘బలి’ కాస్తా ‘బల్లి’. ‘గడి’ కాస్తా ‘గడ్డి’. పిల్లలు ఇళ్లకెళ్లి అమ్మల్నీ అమ్మమ్మల్నీ అడిగి ఇంకా జతలు పట్టుకొచ్చారట. ఒత్తు మర్చిపోతే మాటే మారిపోతుందని ఇంతకంటే ఎలా చెబుతాం?

ఇంట్లో చేయించాలంటే

* నాలుగు ఏ4 సైజు డ్రాయింగు కాగితాలు, గుండ్రటి మొనల కత్తెర, స్కేలు, జిగురు చాలు. ఫెవికాల్ అయితే అగ్గిపుల్లతో పలచగా రాయాలి. ఎక్కువైతే కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది. జిరాక్సు కాగితం పలచన, బొమ్మ నిలవదు.

* మడత గీత మీద సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో, స్కేలు పెట్టి గట్టిగా గీయాలి. అప్పుడు మడత తిన్నగా, పదునుగా వస్తుంది.

* మెట్టు కోసం కాగితం సగానికి మడిచి, మడత వైపు నుంచి 3 సెంటీమీటర్ల ఎడంతో 4 సెంటీమీటర్ల పొడవున రెండు గాట్లు. మధ్య పట్టీని ముందుకీ వెనక్కీ మడిచి, కాగితం విప్పి లోపలికి నెట్టాలి. బొమ్మ ఎత్తు 10 సెంటీమీటర్ల లోపు. జిగురు మెట్టు ముందు భాగానికే, పుటకి అంటకూడదు.

* నాలుగు కాగితాలూ పూర్తయ్యాక పుస్తకం కట్టడం. మొదటి కాగితం కుడి సగం వెనక వైపుని, రెండో కాగితం ఎడమ సగం వెనక వైపుకి అతికించాలి. అలా వరసగా. గాట్లున్న చోట వెనక జిగురు తగిలితే బొమ్మ లేవదు, జాగ్రత్త. చివర శుభలేఖ అట్టతో పై అట్ట.

* చక్రం పుటలో కిటికీకి బ్లేడు అక్కర్లేదు. ఆ చోట కాగితం కొంచెం మడిచి కత్తెరతో సగం కిటికీ కత్తిరిస్తే, విప్పినప్పుడు పూర్తి కిటికీ వస్తుంది.

* ఆరేడేళ్ల పిల్లలకి మూతలు, నోరు తెరిచే బొమ్మ చాలు. మెట్టు ఎనిమిదేళ్లు దాటినవాళ్లకి. ఎడమచేతి వాటం పిల్లలుంటే వాళ్ల కత్తెర కాస్త వదులుగా తెగదు, విసుక్కుంటారు. వాళ్లకి ఎడమచేతి కత్తెర ఒకటి దగ్గర ఉంచుకుంటే మంచిది.

* బడిలోగానీ గ్రంథాలయంలోగానీ చేయిస్తే ఇరవై, పాతికమందికి మించకపోతేనే అందరి దగ్గరికీ వెళ్లగలం. బహుమతులు మాత్రం వద్దు.

2024 అని కాదు, నంబరు వేయండి!

పుస్తకాలు పూర్తయ్యేసరికి చీకటి పడింది. పిల్లలు వాటిని సంచుల్లో సర్దుకుంటుంటే, గ్రంథాలయం పెద్దాయన దగ్గరికొచ్చి, “ఇక్కడ ఉంచుతారా?” అని అడిగారు. ఇష్టమైనవాళ్లే ఇవ్వొచ్చన్నారు. పదకొండుమంది ఇచ్చారు. ఒక పాప అట్ట మీద తేదీ వేయబోతే, “అదొక్కటే చాలదమ్మా, నంబరు ఉండాలి” అని ఆయన పుస్తకాల రిజిస్టరు తెరిచారు. పేరు ఉన్న చోట పుస్తకం పేరు, రచయిత ఉన్న చోట పిల్లల పేరు, ధర దగ్గర ఓ గీత. ముద్ర వేసి, ఒక్కోదానికీ నంబరు రాసి, పిల్లల అరలో పెట్టారు. వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం పెట్టినవాళ్లూ, ఊరూరా గ్రంథాలయాలు కట్టినవాళ్లూ ఈ దృశ్యం చూస్తే ముచ్చటపడేవారేమో!

ఆ వారమంతా ఆ పదకొండుమందీ రోజూ గ్రంథాలయానికి వచ్చారట. తమ పుస్తకం ఎవరైనా తీసుకెళ్లారా అని చూసుకోవడానికి! వచ్చినవాళ్లు ఊరికే పోతారా? పక్కనున్న పుస్తకాలూ తిరగేశారు. కప్ప కుర్రాడు పక్క పుస్తకంలో మొసలి బొమ్మ చూసి, కింద మాట కూడబలుక్కుంటూ నిలబడ్డాడని పెద్దాయన చెప్పారు. వాడి పుస్తకం ఇప్పటికి మూడుసార్లు ఇంటింటికీ తిరిగి వచ్చింది. నోట్లో ఒత్తు ఊడిపోతే వాడే వచ్చి మళ్లీ అతికించాడు.

నేను చేసిన గోల్కొండ కోట మా ఇంట్లో బీరువా మీద ఉంది. తీరుగా లేస్తుంది, తీరుగా మూసుకుంటుంది. ఎవరూ విప్పరు. మా అమ్మాయి చేసిన వంకర మేడ గ్రంథాలయంలో ఉంది. సరిగ్గా మూతపడదు. అంచులు నలిగి, పుటల మీద ఎవరెవరివో వేలిముద్రలు పడ్డాయి. మొన్న దాన్ని చూసొచ్చి, “అమ్మా, నా పుస్తకం పాతబడిపోయింది తెలుసా!” అని గొప్పగా చెప్పింది.

ఈ సెలవుల్లో మీరూ ప్రయత్నించి చూడండి. కాగితం ఇవ్వండి, జిగురివ్వండి, పక్కన కూర్చోండి. చెయ్యి ఊరుకోకపోతే మీకూ ఓ కాగితం తీసుకోండి. వాళ్ల కత్తెర మాత్రం వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి.